లూపస్‌కు కొత్త మందు అన్న వార్త వస్తే ఎలా చదవాలి?

లూపస్ అంటే శరీర రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు. "లూపస్‌కు కొత్త మందు వచ్చేసింది" అన్న హెడ్డింగ్ చూడగానే, ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. డాక్టర్‌కు ఫోన్ చేసే ముందు ఆ వార్తను ఇలా ఒకసారి జల్లెడ పట్టండి.

1. ప్లాసిబో అంకె వెతకండి

లూపస్ ట్రయల్‌లో ప్లాసిబో అంటే అసలు మందే ఇవ్వకపోవడం కాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్, స్టెరాయిడ్ లాంటి పాత మందులు అందరికీ నడుస్తూనే ఉంటాయి. కొందరికి వాటి మీద కొత్త మందు, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇస్తారు. అందుకే ప్లాసిబో వాళ్లలోనూ చాలామందికి నయమనిపిస్తుంది. బెలిముమాబ్ అనే లూపస్ మందుపై జరిగిన బ్లిస్-52 ట్రయల్‌లో ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో 58 శాతం మందికి గుణం కనిపించింది. ప్లాసిబో వాళ్లలో 44 శాతం. అంటే ఏడుగురికి ఇస్తే ఒకరికి అదనంగా మేలు జరిగిందన్నమాట. తక్కువే అనిపిస్తుంది కదా? కానీ 2011లో అమెరికా దీన్ని ఆమోదించేసరికి, లూపస్‌కంటూ కొత్త మందు వచ్చి 50 ఏళ్లు దాటింది.

2. దేంతో కొలిచారో చూడండి

నా లెక్కన అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. లూపస్ ఒకరికి చర్మం మీద, ఒకరికి కీళ్లలో, ఇంకొకరికి కిడ్నీల్లో కనిపిస్తుంది. "తగ్గింది" అనడానికి ఒకే కొలత లేదు. ఎస్‌ఆర్‌ఐ-4 అనే కొలతలో మొత్తం స్కోరు కనీసం 4 పాయింట్లు తగ్గాలి. బిక్లా అనే కొలతలోనైతే, మొదట్లో ఇబ్బంది ఉన్న ప్రతి అవయవంలోనూ మెరుగుదల కనిపించాలి. అనిఫ్రోలుమాబ్ అనే మరో మందు తొలి పెద్ద ట్రయల్ టులిప్-1 ఎస్‌ఆర్‌ఐ-4 దగ్గర బోల్తా పడింది: గుణం కనిపించింది మందు తీసుకున్నవారిలో 36 శాతానికి, ప్లాసిబో వాళ్లలో 40 శాతానికి. రెండోదైన టులిప్-2లో, ఎవరికి ఏ మందు వెళ్లిందో బయటపెట్టకముందే ప్రధాన కొలతను బిక్లాకు మార్చారు. అందులో మందుకు 47.8, ప్లాసిబోకు 31.5 శాతం వచ్చాయి. 2021లో ఆమోదం దొరికింది. ఫలితాలు చూశాక కొలత మార్చి ఉంటే మాత్రం నమ్మాల్సిన పని లేదు.

3. మీలాంటి పేషెంట్లేనా?

టులిప్ ట్రయల్స్‌లో తీవ్రమైన కిడ్నీ లూపస్ ఉన్నవాళ్లను చేర్చుకోలేదు. కిడ్నీల కోసం చదవాల్సినవి వేరు: వోక్లోస్పోరిన్, ఒబినుటుజుమాబ్ అనే మందుల ట్రయల్స్.

4. కార్-టీ గురించైతే ఇంకాస్త ఆగండి

పేషెంట్ సొంత టీ కణాలను (ఒక రకం రక్షణ కణాలు) మార్చి, లూపస్‌లో సొంత శరీరం మీదే యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల మీదికి పంపే చికిత్స ఇది. జర్మనీలోని ఎర్లాంగెన్ డాక్టర్లు 2022లో ప్రచురించిన ఫలితాల్లో ఐదుగురికీ లూపస్ అణిగింది, మందులు ఆపేశారు. ఆశ్చర్యమే. కానీ ఐదుగురే, ప్లాసిబోతో పోల్చి చూసింది కాదు.

5. బయోమార్కర్ ఏ పనికో గమనించండి

బయోమార్కర్ అంటే జబ్బు తీరు చెప్పే రక్తం, యూరిన్ పరీక్షల సూచిక. ఏఎన్‌ఏ అనే యాంటీబాడీ రక్తపరీక్ష జబ్బును గుర్తించడానికి పనికొస్తుంది, తగ్గిందో లేదో చెప్పదు. దాన్ని మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. యాంటీ డీఎస్-డీఎన్ఏ అనే యాంటీబాడీ పెరగడం, రక్తంలోని సీ3, సీ4 అనే రక్షణ ప్రొటీన్లు పడిపోవడం జబ్బు రాజుకుంటోందనడానికి సూచన కావచ్చు. అయితే రిపోర్ట్ బాగోలేకపోయినా మనిషి హాయిగా ఉన్న సందర్భాలూ ఉంటాయి. అప్పుడు రిపోర్ట్ చూసి టెన్షన్ పడి మందులు పెంచరు, కాస్త దగ్గరగా గమనిస్తారు. కిడ్నీకి మాత్రం యూరిన్‌లో ప్రొటీన్ ఎంత పోతోందో చెప్పే ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తిని తేలిగ్గా తీసుకోకూడదు. ఎంసీపీ-1, సీడీ163 లాంటి యూరిన్ మార్కర్లు కిడ్నీ బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) అవసరాన్ని తగ్గిస్తాయేమోనని పరిశోధనలు నడుస్తున్నాయి.

6. ఇక డాక్టర్ దగ్గరికి

వార్త కటింగ్ ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు. ఏడాది రిపోర్టులు తేదీల వరుసలో పెట్టండి. ఇప్పుడు వాడుతున్న స్టెరాయిడ్ ఎన్ని మిల్లీగ్రాములో పైన రాయండి. 2023 యూరప్ మార్గదర్శకాలు దీర్ఘకాలం వాడేవారికి ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 5 మిల్లీగ్రాములు మించకూడదంటున్నాయి. మీది అంతకంటే ఎక్కువే ఉంటే, కొత్త మందు ప్రస్తావన అక్కడి నుంచే ఎత్తండి.