పాత ఇల్లు కొంటున్నారా? కొలిపించాకే బయానా

ఈ ఆషాఢంలో పడ్డ మొదటి పెద్ద వానకే మా పక్క ఊళ్లో ఒక పాత మిద్దె వెనక గోడ రాత్రికి రాత్రి కూలింది. ఆ ఇల్లు కొని రెండు నెలలు. కొన్నది బెంగళూరులో ఉద్యోగం చేసే కుర్రాడు. అమ్మానాన్నల్ని సొంత ఊరికి దగ్గరగా పెడదామని కొన్నాడు. కరెంటు పోయి ఉక్కగా ఉందని ఆ రాత్రి పెద్దవాళ్లిద్దరూ ముందు వసారాలో పడుకున్నారు. అందుకే ప్రాణాలు దక్కాయి. తెల్లారాక ఇంకో దెబ్బ. గోడ మళ్లీ కట్టిద్దామని రాళ్లు ఎత్తుతుంటే వెనకింటాయన వచ్చి, "ఆ గోడ మాది, మా తాత కట్టించింది, మీ దూలాలు దాని మీద ఆనాయంతే" అన్నాడు. దస్తావేజు తీసి చూస్తే పడమటి హద్దు దగ్గర "ఫలానా వారి గోడ" అని రాసే ఉంది. కొనేముందు ఆ ముక్క ఎవరూ చదవలేదు.

నన్ను పిలిచింది అప్పుడు. ముప్పై ఏళ్లు రాయలసీమలోనూ పల్నాడులోనూ సర్వేయరుగా గొలుసు లాగి రిటైరైనవాణ్ణి. గోడ కూలాక నేను చేయగలిగింది, ఎవరికెన్ని అడుగులో చెప్పడం ఒక్కటే. శ్రావణం వస్తోంది. మంచి రోజులని ఊళ్లలో పాత ఇళ్ల బేరాలు మొదలవుతాయి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

లింకు డాక్యుమెంట్లు అంటే పాత దస్తావేజులు, రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఈసీ, పన్ను రసీదు చూసుకోమని మీకు ఎవరైనా చెప్తారు. వాటి గురించి రెండే మాటలు. ఇంటి పన్ను రసీదు హక్కు పత్రం కాదు. ఈసీలో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకున్నది, తెల్లకాగితం మీద రాసుకున్న పారీఖత్తు, అంటే పంపకాల కాగితం, అందులో కనపడవు. మిగతాది మీ లాయరు చూస్తాడు.

అన్నిటికంటే పెద్ద తప్పు

బయానా ఇచ్చాక కొలిపించడం. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడ పుట్టినవే. అసలు కొలిపించనివాళ్ల సంగతి వేరు. కొలిపించాలని తెలిసి కూడా, డబ్బు చేతులు మారాక పిలిచేవాళ్లని చూస్తే నాకు ఎక్కువ బాధ.

ఎందుకంటే బయానా ఇచ్చిన మనిషి అంతకుముందు మనిషి కాదు. ఇచ్చింది లక్షో రెండు లక్షలో, అది పోకూడదు కాబట్టి ఇల్లు బాగుండాలని కోరుకోవడం మొదలుపెడతాడు. పగులు చూపిస్తే "పాత ఇల్లన్నాక ఉండదా" అంటాడు. మూడడుగులు తగ్గిందంటే "సర్దుకుంటారులెండి, పక్కవాళ్లు మంచివాళ్లు" అంటాడు. టేపు పట్టుకున్న నా చేతిని కాస్త అటు జరపమన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లేమీ మోసగాళ్లు కాదు, భయపడ్డవాళ్లు. అమ్మేవాడికి ఆ భయం తెలుసు. "కొలత తగ్గితే మానేయండి, బయానా మాత్రం వెనక్కి రాదు" అని నెమ్మదిగా చెప్తాడు. అక్కడితో బేరం ఆయన చేతిలోకి పోయినట్టే.

మధ్యవర్తి "రేపు ఇంకొకాయన వస్తున్నాడు, ఇవాళే ఏదో ఒకటి చేతిలో పెట్టండి" అంటాడు. ఇంకొకాయన్ని రానివ్వండి. బయానాకు ముందు కొలిపించండి.

వాస్తు చూసే సిద్ధాంతిని మాత్రం ఎవరూ బయానా ఇచ్చాక తీసుకెళ్లరు, ముందే తీసుకెళ్తారు. అదే రోజు అదే కారులో సర్వేయరునీ ఇంజనీరునీ ఎక్కించుకోండి. ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అన్నదానికంటే ముందు ఆ మూల అమ్మేవాళ్లదేనా కాదా తేలాలి. ఆషాఢం శూన్యమాసం, కొనుగోలు మంచిది కాదంటారు కదా, ఆ నెలంతా కొలతలకీ పరీక్షలకీ పెట్టుకోండి. వానలో ఇల్లు దాచుకోగలిగింది తక్కువ.

నేల కొలత

ఊరి మధ్య పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో, అంటే ఇళ్లకని వదిలిన ఊరి నేలలో, ఉంటాయి. ఊరంతటికీ కలిపి ఒకటో రెండో సర్వే నంబర్లు, అంతే. ఇంటింటికీ విడి నంబరు ఉండదు, సర్వే కొలతల పుస్తకం ఎఫ్‌ఎంబీలో విడి గీత ఉండదు. పొలానికైతే, హద్దులు చూపించమని ఎఫ్‌-లైన్‌కి అర్జీ పెట్టుకుంటే సర్వేయరు వచ్చి పుస్తకంలో ఉన్న కొలతల ప్రకారం హద్దులు చూపిస్తాడు. గ్రామకంఠంలో ఇంటికి అలా చూపించడానికి పుస్తకంలో ఏమీ లేదు. దస్తావేజులో రాసిన నాలుగు హద్దులు, అడుగుల కొలతలు, నాలుగు వైపులా ఉన్న ఇరుగుపొరుగు, ఈ మూడే ఆధారం. ఆ హద్దుల్లో ఉన్న పేర్లు చనిపోయిన తాతలవి అయి ఉంటాయి. ఆ తాత మనవడు ఇప్పుడు ఎవరో, ఏ ఇంట్లో ఉన్నాడో కనుక్కుని, కొలిచే రోజు అతన్ని అక్కడ నిలబెట్టాలి. పక్కవాళ్లు లేకుండా కొలిస్తే ఆ కొలత మీ జేబులో కాగితం మాత్రమే.

కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. ఊరి ఇళ్లను డ్రోన్లతో సర్వే చేసి ఆస్తి కార్డులు ఇచ్చే పథకం. కార్డు ఉంటే తప్పకుండా అడిగి తీసుకోండి. కానీ అది ఉంది కదా అని కొలత మానకండి. నేల మీద సున్నంతో గీసిన గీతల్ని డ్రోను ఫొటో తీస్తుంది. గీత గీసిన రోజు అక్కడ నిలబడి ఎవరు హద్దు చూపించారో దాన్నిబట్టే ఆ గీత. ఆ రోజు మీకు అమ్మేవాళ్లు హైదరాబాదులో ఉన్నారో అమెరికాలో ఉన్నారో కనుక్కోండి.

ఇక లెక్కలో పోయే గజాలు. పాత ఇంటి గోడ రెండడుగుల మందం ఉంటుంది. బయటి నుంచి 30 అడుగులకు 40 ఉన్న ఇల్లు లోపల కొలిస్తే 26కి 36 వస్తుంది. బయటి కొలత 1,200 చదరపు అడుగులు, లోపలిది 936. తేడా 264, అంటే 29 గజాలకు పైన. ఆ గోడలు మీవైతే ఆ 29 గజాలు మీవి. ఒక్క గోడ పక్కవాళ్లదైతే ఆ వైపు పోతాయి, ఉమ్మడిదైతే సగం పోతాయి. అందుకే ప్రతి గోడ దగ్గరా ఆగి, ఇది ఎవరిది అని అడగాలి. అడిగింది కాగితం మీద రాయించాలి.

కొలమానం కూడా చూడండి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, గుంట అంటే 121, వీటిలో తగాదా లేదు. పాత దస్తావేజుల్లో అంకణాలు ఉంటే మాత్రం జాగ్రత్త. ఒకచోట అంకణం 36 చదరపు అడుగులు, ఇంకోచోట 72. సరిగ్గా రెట్టింపు. ఆ ఊళ్లో ఏది వాడుకో తేలకుండా ధర మాట్లాడకండి. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. కాగితం మీద మూడు సెంట్లు ఉంది కదా అని ధైర్యపడకండి. మూడు సెంట్లంటే 145 గజాలు. ఆ మాట నమ్మి డబ్బు కట్టిన ఒకాయనకి హద్దుల మధ్య 128 గజాలే తేలాయి. ఆయన కూడా నన్ను పిలిచింది బయానా ఇచ్చాకే.

ఉమ్మడి గోడ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఈ సంగతి కొనేవాళ్లకు తట్టదు. అన్నదమ్ములు పంచుకున్న ఇంట్లో మధ్య గోడ మీద రెండు వైపుల దూలాలూ ఆని ఉంటాయి. మీరు మీ సగం పడగొట్టి కొత్తగా కట్టుకుందామనుకుంటే వాళ్ల సగం కూలుతుంది. వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే. మీరు కొన్నది కొత్త ఇంటికి స్థలం అనుకుంటారు, చేతికి వచ్చేది ముట్టుకోలేని ఇల్లు. చూరు నీళ్లు కూడా అంతే. పక్కింటి చూరు నీళ్లు ఇరవై ఏళ్లుగా ఎవరూ కాదనకుండా మీ పెరట్లో పడుతుంటే, ఈజ్‌మెంట్ల చట్టం కింద అది వాళ్లకు హక్కుగా మారే వీలుంది. సందులోంచి నడక దారి కూడా అలాగే. వాన పడుతుండగా వెళ్లి నిలబడితే ఎవరి నీళ్లు ఎటు పోతున్నాయో మీ కళ్లకే కనపడుతుంది.

ఇంటి పరీక్ష

ఇది సర్వేయరు పని కాదు, ఇంజనీరు పని. పాత మట్టిగోడలు, రాతిగోడలు చూసిన అనుభవం ఉన్నవాణ్ణి వెతకండి. అపార్టుమెంట్లు మాత్రమే కట్టినాయన చాలడు. అలాంటి ఇంజనీర్ల వెంట తిరిగి నేను నేర్చుకున్నవి కొన్ని.

మిద్దె కప్పు కారినప్పుడల్లా పైన చౌడు మట్టి పోస్తూ వస్తారు. పాతది తీయరు. మూడు తరాల మట్టి అక్కడే ఉంటుంది. పది అడుగులకు పది అడుగుల గది మీద అడుగు మందం మట్టి ఉందంటే వంద ఘనపుటడుగులు, ఎండుగా ఉన్నప్పుడే నాలుగు టన్నుల పైమాట. తడిస్తే ఇంకా బరువు. మట్టి ఎంత మందం ఉందో ఒకచోట తవ్వి చూడాలి. దూలం మధ్యలో తట్టి చూసి బాగుందనుకోవడం పొరపాటు. చెదలూ కుళ్లూ పట్టేది గోడలోకి దిగిన కొసల దగ్గర. స్క్రూడ్రైవరుతో అక్కడ పొడిచి చూడాలి.

మట్టిగోడకు కొత్తగా సిమెంటు పూత పూసి ఉంటే సంతోషించకండి. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతుంది, పూత వెనక గోడ మెత్తబడుతుంది. అమ్మకానికి ముందు వేసిన సున్నం కింద ఏముందో గీకి చూడాలి. కూలిన ఆ మిద్దె గోడకి కూడా అలాంటి పూతే ఉంది, అరచేయి మందాన.

నల్లరేగడి మీద కట్టిన ఇంటికి పగుళ్లు రావడం మామూలే. వానకు ఆ నేల ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. ఆగిపోయిన పగులా, పెరుగుతున్న పగులా అన్నదే ముఖ్యం. పగులుకు అడ్డంగా కాగితం అంటించి తేదీ వేయండి. రెండు మూడు వారాల్లో కాగితం చిరిగితే ఆ గోడ కదులుతోంది. ఇది చేయాలంటే టైము కావాలి. ఆ టైము బయానాకు ముందే దొరుకుతుంది, తర్వాత దొరకదు.

ఇక మిగిలినవన్నీ వరసగా చెప్తాను, రాసుకోండి.

సర్వేయరుని మీరే తెచ్చుకోండి. అమ్మేవాడో మధ్యవర్తో తెచ్చిన మనిషి వద్దు.

కొలత పటం మీద సర్వేయరు సంతకం, తేదీ, పక్కవాళ్ల సంతకాలు ఉండాలి. పక్కవాళ్లు పెట్టనంటే ఎందుకో తెలిసేదాకా ముందుకు పోకండి.

వీడియో కాల్లో ఇల్లు చూసి కొనకండి. విదేశాల్లో ఉన్నవాళ్లకు మరీ మరీ చెప్తున్నాను.

ఇంటి గడప రోడ్డు కంటే ఎత్తులో ఉందో లేదో చూడండి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ ఊరి రోడ్డు పైకి లేస్తుంది, పాత ఇల్లు లోతులో పడుతుంది. వీధి నీళ్లన్నీ లోపలికే.

లోపల పాతర ఉందా అని ఊరి ముసలివాళ్లను అడగండి. ధాన్యం దాచిన పాతర మీద బండ పరిచేసిన గదులు ఉన్నాయి. పూడ్చిన బావి ఉందా అనీ అడగండి. దాని మీద పునాది నిలవదు.

గోడలో రావి మొక్క ఉంటే పీకేస్తే పోతుందనుకోకండి. వేరు ఎంత లోపలికి పోయిందో ఇంజనీరు చెప్పాలి.

గోడకు పైనుంచి గుండు దారం వేయించండి. బయటికి ఒరిగిన గోడ ఉంటే ఆ ఇల్లు వదిలేయండి.

రిజిస్ట్రేషన్లు ఆపేసిన భూముల నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో సబ్‌ రిజిస్ట్రారు ఆఫీసులో చూడండి.

అమ్మేవాళ్ల ఇంటి ఆడపడుచుల సంతకాలు తీసుకోండి. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ పుట్టుకతోనే వాటా ఉంది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ వాటా పోదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

ధర గజానికి మాట్లాడండి. ఇంటి మొత్తానికి గుత్తగా మాట్లాడకండి. "కొలతలో తేలిన గజాలకే డబ్బు" అని అగ్రిమెంటులో రాయించండి.

"ఊరందరికీ తెలుసు ఈ హద్దులు" అంటే, ఆ ఊరందరిలో నలుగురిని పిలిచి సంతకం పెట్టమనండి.

కొలతకు ఒప్పుకోని ఇల్లు కొనకండి.

వెయ్యి నూట పదహార్లే కదా, శకునానికి చేతిలో పెడదామనుకోకండి. అదీ బయానాయే. అది చేతులు మారాక మీరు మాట వెనక్కి తీసుకోలేరు. కొలిపించండి, ఇంజనీరు కాగితం చేతికి రానివ్వండి, అప్పుడు బయానా.

ఇప్పటికే కొనేసి ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లకు. ఈ వానాకాలం మంచాలు వెనక గోడ పక్కన వేయకండి. మిద్దె మీద నీళ్లు పోయే తూముల్లో పూడిక ఇవాళే తీయించండి. గోడ కింద మట్టి రాలుతున్నా, తలుపు నిన్నటిదాకా పడి ఇవాళ బిగుసుకున్నా, దూలం చప్పుడు చేసినా, వాన తగ్గేదాకా చూద్దామని ఆగకండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ ఆ రాత్రికే చుట్టాలింటికి పంపి, తెల్లారాక ఇంజనీరుని పిలవండి.