సిరోంచ నుంచి ఎంహెచ్‌టీ సీఈటీకి: చదువు టైమ్‌టేబుల్ ఎలా వేసుకోవాలి?

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పదకొండో తరగతికి వచ్చేసరికి సైన్స్ పుస్తకాలు ఇంగ్లిష్‌లో. మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచ వైపు చాలామంది పిల్లల దారి ఇదే. నాగపూర్ కోచింగ్ వాళ్ల టైమ్‌టేబుల్‌ని మక్కికి మక్కి దించుకుంటే వీళ్లకు పది రోజులు కూడా నడవదు. ఇంజినీరింగ్ కోసం మహారాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎంహెచ్‌టీ సీఈటీలో పీసీఎం (ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్) రాసేవాళ్లకు పనికొచ్చే పద్ధతి ఇది.

రోజుకు ఎన్ని గంటలన్నది తర్వాత. ముందు మార్కులు ఎక్కడున్నాయో చూడండి. మొత్తం 200. మ్యాథ్స్‌లో 50 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, అంటే సగం అక్కడే ఉంది. ఫిజిక్స్‌లో 50, కెమిస్ట్రీలో 50, ఒక్కోదానికి ఒక మార్కు. పన్నెండో తరగతి సిలబస్‌కి సుమారు 80 శాతం, పదకొండుకి 20 శాతం వెయిటేజీ. ఆ 20 శాతం కోసం పదకొండో తరగతి పుస్తకమంతా తిరగేయక్కర్లేదు. పరీక్ష నిర్వహించే సీఈటీ సెల్ ఇచ్చే పాఠాల జాబితా తీసుకుని, అందులో లేనివాటిని విషయసూచికలో పెన్సిల్‌తో కొట్టేయండి. భారం ఎంత తగ్గుతుందో కళ్లారా కనిపిస్తుంది.

ఇప్పుడు క్యాలెండర్‌ని వెనక నుంచి చూడండి. సీఈటీ మామూలుగా ఏప్రిల్, మే నెలల్లో. బోర్డు పరీక్షలు ఫిబ్రవరి, మార్చిల్లో, ప్రాక్టికల్స్ అంతకు ముందే. కాబట్టి కొత్త పాఠాలన్నీ డిసెంబర్‌తో ఆఖరు. వానాకాలంలో కరెంటూ నెట్‌వర్కూ ఎప్పుడు పోతాయో తెలియదు, జులై, ఆగస్టులను వీడియో క్లాసుల మీద వదిలేయొద్దు. మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి పుస్తకాల పీడీఎఫ్‌లు ముందే ఫోన్‌లో దించిపెట్టుకోండి.

రోజులో తెల్లవారి గంటన్నర మ్యాథ్స్‌కే. పరీక్షలో దానికి ఇచ్చేదీ 90 నిమిషాలే, అంటే లెక్కకు నిమిషం 48 సెకన్లు. ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి 100 ప్రశ్నలకూ అదే 90 నిమిషాలు, ఒక్కోదానికి 54 సెకన్లు. మ్యాథ్స్ పేపర్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, మరాఠీ మీడియం నుంచి వచ్చినవాళ్లు జూన్ నుంచే లెక్కలను ఇంగ్లిష్‌లో చదివి చేయాలి.

నా దృష్టిలో టైమ్‌టేబుల్ కంటే విలువైనది తప్పుల నోటుబుక్. ఇంటిగ్రేషన్‌లో 12 లెక్కలు చేస్తే 4 తప్పాయనుకోండి. ఒక్కోదాని పక్కన కారణం రాయండి: ‘ఫార్ములా మరిచాను’, ‘ప్లస్, మైనస్ తారుమారు’, ‘అసలు అర్థం కాలేదు’. ఆదివారం కొత్త పాఠం ముట్టకుండా ఈ నోటుబుక్కే తెరవండి. మొదటి రెండు రకాలు అరగంటలో సర్దుకుంటాయి. మూడోది వచ్చే వారం టైమ్‌టేబుల్‌లోకి ఎక్కాలి.

సీఈటీలో తప్పు జవాబుకు మార్కు పోదు, ఏ ప్రశ్ననీ ఖాళీగా వదలకండి. నీట్‌లో మాత్రం తప్పుకు ఒక మార్కు కోత. రెండూ రాసేవాళ్లు మాక్ టెస్టులు వేర్వేరు రోజుల్లో పెట్టుకోవాలి, లేకపోతే ఒకదాని అలవాటు ఇంకోదాన్ని చెడగొడుతుంది.

బోర్డు అయ్యాక రెండు మూడు మాక్‌లైనా నెట్ సెంటర్‌లో, అసలు పరీక్షలాగే కంప్యూటర్ మీద రాయండి. ఫోన్‌లో వేలితో నొక్కడం అలవాటైనవాళ్లకు మౌస్ చేతికొస్తే తడబాటు, టెన్షన్. సెంటర్ గడ్చిరోలికో చంద్రపూర్‌కో పడితే దాదాపు 200 కిలోమీటర్ల ప్రయాణం. ముందు రోజే చేరుకునేలా బస్సు, బస రెండూ చూసుకోండి, ఆ రోజు లెక్కలో చదువు పెట్టుకోవద్దు.