డీఎల్‌ఎల్‌లో దాచిన లోగోను బయటికి తీయడం

బేగంబజార్‌లో ఒక స్టీలు సామాన్ల కొట్టుకి సీ షార్ప్‌లో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. లోగోను విడిగా ఫోల్డర్‌లో పెడితే కొట్టు కుర్రాడు రెండుసార్లు డిలీట్ చేశాడు. ఇక లాభం లేదని, ప్రోగ్రామ్ వాడుకునే కోడ్ ఫైలు డీఎల్‌ఎల్‌లోనే పెట్టేశాను.

పెట్టడం తేలికే. విజువల్ స్టూడియోలో లోగో ఫైలు ప్రాపర్టీస్ తెరిచి, బిల్డ్ యాక్షన్‌ని ‘ఎంబెడెడ్ రిసోర్స్’గా మార్చాలి. పక్కనే ఉట్టి ‘రిసోర్స్’ అని ఇంకోటి కనిపించవచ్చు. అది డబ్ల్యూపీఎఫ్ (విండోస్ తెరలు తయారుచేసే ఫ్రేమ్‌వర్క్) వ్యవహారం, దాని జోలికి పోకండి.

టెన్షనంతా చదివేటప్పుడే. దాచిన ఫైలును స్ట్రీమ్‌గా (చదువుకునే డేటా ప్రవాహంగా) ఇచ్చే ‘గెట్ మానిఫెస్ట్ రిసోర్స్ స్ట్రీమ్’కి పేరు తప్పుగా ఇస్తే ఎర్రర్ కూడా చెప్పదు, చల్లగా నల్ (అంటే ఏమీ లేదని) ఇస్తుంది. నేనొక సాయంత్రమంతా దీనికే బలి. ముందు చూడాల్సింది, ఏ అసెంబ్లీని (అంటే ఏ డీఎల్‌ఎల్ లేదా ఈఎక్స్‌ఈని) అడుగుతున్నారని. ‘గెట్ ఎంట్రీ అసెంబ్లీ’ అంటే మొదట నడిచే ప్రోగ్రామ్ ఫైలు, ఈఎక్స్‌ఈ వస్తుంది, లోగో అందులో లేదు కదా! డీఎల్‌ఎల్‌లోని ఏదైనా క్లాసుకి ‘టైప్ ఆఫ్’ రాసి, దాని అసెంబ్లీని తీసుకోండి.

తర్వాత పేరు. మామూలుగా డిఫాల్ట్ నేమ్‌స్పేస్ (ప్రాజెక్టు కోడ్‌కి ముందుండే పేరు), ఫోల్డర్, ఫైలు పేరు, మధ్యలో చుక్కలు. పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా పట్టించుకుంటుంది. ఫోల్డర్ పేరులో హైఫన్ ఉంటే అండర్‌స్కోర్ అయిపోతుంది, ఫైలు పేరులోది మాత్రం అలాగే ఉంటుంది. ఊహించడం మానేసి ‘గెట్ మానిఫెస్ట్ రిసోర్స్ నేమ్స్’ ఇచ్చిన జాబితాను ప్రింట్ చేసి, అందులోంచి కాపీ కొట్టండి.

ఆ స్ట్రీమ్‌తో బిట్‌మ్యాప్ చేస్తే, బొమ్మ వాడుకలో ఉన్నంతసేపూ స్ట్రీమ్‌ని మూయకండి.