స్టాకు సాఫ్ట్‌వేర్ మారుస్తున్నారా?

కడపలో మాది మాధవరం చీరల చిన్న ఆన్‌లైన్ కొట్టు. స్టాకు సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వస్తే అమ్మేవారి డెమో చూసి మురిసిపోకండి. మీ దగ్గర అన్నిటికన్నా చిక్కు పెట్టే సరుకునే అందులో ఎక్కించి చూడండి. ఒకే నేత, నాలుగు రంగులు, రెండు సైట్లలో అమ్మకానికి ఉన్న చీరను మేము ఎక్కించాం. ఒకచోట అమ్ముడైతే రెండోచోట లెక్క తగ్గలేదు. వాపసు వచ్చిన చీర స్టాకులో కలవనే లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌కు అక్కడే నమస్కారం పెట్టేశాం.

పాత సాఫ్ట్‌వేర్ నుంచి తీసుకున్న సరుకుల జాబితా సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) ఎక్సెల్‌లో నేరుగా తెరవకండి, 0045 అనే కోడు 45 అయిపోతుంది. దిగుమతి చేసుకుంటూ ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’గా ఎంచుకోండి. మార్పిడికి ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 రాత్రి అనుకూలం. ఎలాగూ ఆ రోజు బీరువాల్లోని సరుకంతా దించి లెక్కపెడతాం కదా! పాత సాఫ్ట్‌వేర్ చందా మాత్రం ఇంకో నెల ఉంచుకోండి.