చిన్నప్పటి క్యాంపు చోటుకి మళ్లీ: బెంగళూరు నుంచి ఒక రాత్రి

బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లలో చాలామందికి చిన్నప్పటి క్యాంపు అంటే స్కౌట్ల గుడారాలో, ఎన్‌సీసీ క్యాంపో, కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలో. ఆ చోటు మదనపల్లె, చిత్తూరు, అనంతపురం వైపు ఏ కొండ పక్కనో, చెరువు గట్టునో ఉంటుంది. నాలుగు రోజులు మనసు కుదుటపడుతుందని మళ్లీ అక్కడికే వెళ్లాలనిపిస్తే, టెంటు సంగతి తర్వాత. ఆ చోటు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ముందు తెలుసుకోవాలి.

కంప్యూటరులో గూగుల్ ఎర్త్ తెరిస్తే పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు వరసగా కనిపిస్తాయి. చెరువు కట్ట, పెద్ద బండ, గుడి, వీటిని పట్టుకుని వెతకండి. చెట్లను నమ్ముకుంటే దారి తప్పుతారు. నీలగిరి తోపులు నరికేస్తారు, తుమ్మ కొత్తగా కమ్ముకుంటుంది. పాత ఫొటో ఉంటే అందులో వెనక కనిపించే కొండ అంచు చూడండి. అది మారదు. ఆ అంచు ఫొటోలో ఉన్నట్టే కుదిరేదాకా అటూఇటూ జరిగితే నిలబడ్డ చోటు దాదాపు అదే. ఇక్కడో చిన్న తిరకాసు ఉంది. ఫొటో తీసింది నిలబడ్డ పెద్దవాళ్లు, మీ జ్ఞాపకం మాత్రం మూడున్నర అడుగుల ఎత్తునుంచి చూసినది. అందుకే బండ చిన్నదైపోయినట్టు, వాగు ఇరుకైనట్టు అనిపిస్తుంది. ఒకసారి గొంతుకూర్చుని చూడండి, సగం తేడా పోతుంది.

స్థలం రిజర్వు అడవిలో ఉంటే అటవీశాఖ రేంజి ఆఫీసులో అడగకుండా రాత్రి ఉండకూడదు. అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడమే నేరం. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చుకి ట్రెక్కర్లు బలైనప్పటినుంచి దక్షిణాదిన ఈ విషయంలో పట్టు బిగిసింది. ‘మా చిన్నప్పుడు ఎవరూ అడిగేవారు కాదు’ అంటే ఫారెస్టు గార్డు దగ్గర పని జరగదు. పలమనేరు, కుప్పం పక్కన కౌండిన్య అడవిలో, బన్నేరుఘట్ట అంచుల్లో ఏనుగులు తిరుగుతాయి కాబట్టి అక్కడ టెంటు మాటే వద్దు. పగలు చూసొచ్చి, రాత్రి దగ్గర్లోని ఊళ్లో గది తీసుకోండి. పట్టా భూమైతే రైతును అడగండి. చింతామణి దాటాక తెలుగు మాట్లాడితే పలకని ఊరు దాదాపు ఉండదు. హార్సిలీ హిల్స్ లాంటి చోట పర్యాటక శాఖ వసతి దొరుకుతుంది.

వెళ్లాల్సింది డిసెంబరు, జనవరిల్లో, మంగళ, బుధవారాల్లో అయితే మేలు. శనివారం వెళ్తే మీ పక్క టెంటులో బ్లూటూత్ స్పీకరు ఉంటుంది, ఇంత శ్రమా వృథా. తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరితే కేఆర్ పురం వంతెన దగ్గర ఇరుక్కోకుండా హోస్కోటె దాటేయొచ్చు. ఆ నెలల్లో సాయంత్రం ఆరింటికే పొద్దు గుంకుతుంది కాబట్టి మధ్యాహ్నం మూడింటికల్లా చోటు చేరాలి. చీకట్లో వేసిన టెంటు కింద రాయి ఉందని అర్ధరాత్రి తెలుస్తుంది.

ఎండిన వాగు ఇసుక మెత్తగా ఉందని అందులో పడుకోవద్దు. నవంబరులో అయితే అసలే వద్దు. 2021 నవంబరు 19న చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్టే కొట్టుకుపోయింది. మీ నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన పడిన వానకు వాగు వచ్చేస్తుంది. వాగు అంచుకన్నా నాలుగైదు అడుగులు ఎత్తున, ఎండుకొమ్మలు లేని చోట, బండ నీడకు దూరంగా ఉండండి. బండ చూరు కింద పెద్ద తేనెపట్లున్నాయేమో తలెత్తి చూడండి. పొగకూ సెంటు వాసనకూ అవి రేగుతాయి.

అటక మీది పాత టెంటును ఇంటి మిద్దెమీద ఒకసారి వేసి చూడాల్సిందే. లోపలి పూత చేతికి జిగటగా అంటుకుని పుల్లటి వాసన వస్తుంటే అది చెడిపోయినట్టే, ఏ స్ప్రే కొట్టినా వాన ఆపదు. అద్దెకు తెచ్చుకోవడమే నయం. జిప్పు పళ్లు పట్టకపోతే స్లైడరు వెనక భాగాన్ని పట్టకారుతో కొద్దిగా నొక్కితే చాలాసార్లు సర్దుకుంటుంది. కింద పరిచే టార్పాలిన్ టెంటు అంచుకన్నా రెండంగుళాలు లోపలికి మడవాలి. బయటికి వస్తే వాననీరు దాని మీద పడి నేరుగా మీ పక్క కిందికి పారుతుంది. నలుగురి టెంటు అని రాసుంటే ముగ్గురికి అనుకోండి.

హార్సిలీ కొండ బెంగళూరుకన్నా మూడొందల మీటర్లకు పైగా ఎత్తు. వేడి తగ్గేది రెండు డిగ్రీలే గానీ, గాలి దాన్ని రెట్టింపు చేస్తుంది. చలి పైనుంచి కాదు, నేలలోంచి వస్తుంది. రెండు దుప్పట్లుంటే ఒకటి కిందే పడాలి, దాని కింద ఫోమ్ చాప. టెంటు గాలిరంధ్రాలు చలికి భయపడి మూసేస్తే ఊపిరి తేమ నీళ్లై తెల్లారేసరికి దుప్పటి తడుస్తుంది.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, వంటతో కలిపి. మొదటి పూటకు చింతపండు పులిహోర ఉండగా వేరే ఆలోచన అక్కర్లేదు. అన్నం పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి, వేడిగా మూత పెడితే ఆవిరికి సాయంత్రానికే పాచిపోతుంది. పొద్దున్నకి ఇంట్లోనే ఉప్మా కలిపి పెట్టుకోండి: రెండు కప్పుల రవ్వ దోరగా వేయించి, నూనెలో ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు చేసి ఉప్పుతో కలిపి చల్లార్చాలి. అక్కడ అయిదు కప్పుల నీళ్లు మరిగించి ఇది పోస్తే నలుగురికి సరిపోతుంది. 230 గ్రాముల గ్యాసు డబ్బా ఒక రాత్రికి చాలు. టెంటు లోపల మాత్రం స్టవ్ వెలిగించకండి, దాన్నుంచి వచ్చే, కంటికీ ముక్కుకీ తెలియని విషవాయువుకు (కార్బన్ మోనాక్సైడ్) నిద్రలోనే ప్రాణం పోవచ్చు. ఫిబ్రవరి తర్వాత గడ్డి ఎండుతుంది కాబట్టి చలిమంట జోలికి పోకండి.

పాముల్లో ఎక్కువ జాగ్రత్త కట్లపాముతో. రాత్రిళ్లు తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తెల్లారి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, మింగలేకపోవడం ఉంటే గాటు కనిపించకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కట్టు బిగించడం, కోయడం, నాటుమందు వద్దు. విషానికి విరుగుడు మందున్న ప్రభుత్వాసుపత్రి ఎక్కడుందో వెళ్లేముందే రాసిపెట్టుకోండి, 108కి ఎక్కడ సిగ్నలు అందుతుందో చూసుకోండి. జిప్పు ఎప్పుడూ మూసే ఉంచాలి, చెప్పులు దులిపి తొడుక్కోవాలి.

ప్రశాంతత కోసమే వెళ్తుంటే ఇద్దరు ముగ్గురు చాలు, అందులో ఒకరైనా అప్పటి రోజులు తెలిసినవాళ్లయితే బాగుంటుంది. చేరగానే ఫొటోలు పంపే పని పెట్టుకోవద్దు. మొదటి గంటలో దాదాపు అందరికీ నిరాశే. సెల్ టవరు కనిపిస్తుంది, ప్లాస్టిక్ కనిపిస్తుంది. దాని మీద అప్పుడే చర్చ పెట్టకండి. టెంటు వేసి, నీళ్లు సర్ది, చీకటి పడేదాకా అలా కూర్చోండి. కీచురాళ్లు, తడిమట్టి వాసన అప్పటివే ఉంటాయి.

మరుగుకు వెళ్తే నీటికి రెండొందల అడుగుల దూరంలో జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చండి. వెట్ వైప్స్ పాతిపెట్టొద్దు, సంచిలో తిరిగి తెచ్చుకోండి. పొద్దున మంచుకు టెంటు తడిసే ఉంటుంది, ఎండ పొడ తగిలేదాకా ఆగలేకపోతే తడిగానే చుట్టి, ఇంటికి చేరిన రోజే మిద్దెమీద ఆరేయండి. రెండు మూడు రోజులు మూటలోనే ఉంటే బూజు మచ్చలు పడతాయి, అవి ఇక పోవు.