హోమ్ లోన్ గడువుకన్నా ముందే తీర్చాలంటే ఎట్ల చేయాలె?

నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల సైడు ఎవరినన్న మిత్తి ఎంత అని అడగండి, నూటికి రూపాయా రెండు రూపాయలా అని టక్కున చెప్తరు, అదే హోమ్ లోన్ తీసుకున్నోళ్లను అడిగితే ఈఎంఐ ఎంతో చెప్తరు గానీ అండ్ల మిత్తి ఎంత అసలు ఎంత అంటే ఆగిపోతరు. ఏడాదికి 8.5 శాతం అంటే మన ఊరి లెక్కల నెలకు నూటికి 70 పైసలు. చౌకనే, కాదనట్లే. కానీ ఏండ్ల కొద్ది నడుస్తది కదా, అక్కడుంది కథ.

25 లక్షల లోన్, 8.5 శాతం, 20 ఏండ్లు అనుకోండి. ఈఎంఐ 21,696 పడ్తది. మొదటి నెల అండ్ల 17,708 మిత్తికే పోతది, అసలు తగ్గేది 3,988 రూపాయలే. 20 ఏండ్లకు మిత్తే 27 లక్షలు దాటుతది, అంటే తెచ్చిన దానికన్నా ఎక్కువ.

ముందుగాల చేయాల్సిన పని, బ్యాంకు యాప్‌ల లోన్ స్టేట్‌మెంట్ తీసి మూడు చూడాలె: ఇంకా బాకీ ఎంత, ఇప్పుడు రేటు ఎంత, ఇంకా ఎన్ని నెలలు ఉంది. ఈ మూడోది చాలామంది చూడరు. 2022 మేల 4 శాతం ఉన్న రెపో రేటు (ఆర్బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు, దీన్ని బట్టే లోన్ రేట్లు మారుతయ్) 2023 ఫిబ్రవరికి 6.5 అయింది, అప్పుడు చాలా బ్యాంకులు ఈఎంఐ ముట్టుకోకుంట నెలలు పెంచేసినయ్, ఇంట్లోళ్లకు తెల్వనే తెల్వదు. 2025ల రెపో మళ్లా తగ్గుకుంట 5.25కు వచ్చింది, మరి మీ రేటు తగ్గిందా లేదా చూసుకోండి. 2019 అక్టోబర్‌కు ముందు తీసుకున్న పాత లోన్ అయితే రెపో లింకు రేటుకు మార్చమని అడగండి, కొద్దిగ ఫీజు తీసుకుంటే తీసుకోనియ్యండి. రేటు తగ్గినప్పుడు ఈఎంఐ తగ్గిస్తం అంటే మాత్రం ఒప్పుకోవద్దు, పాత ఈఎంఐనే కట్టుకుంట పోండి.

తర్వాత, ఇంట్ల ఇంకా ఏమేం అప్పులున్నయో ఒక కాగితం మీద రాయండి. బయట రెండు రూపాయల మిత్తికి తెచ్చింది ఉంటే అది ఏడాదికి 24 శాతం, క్రెడిట్ కార్డు బాకీ అయితే దానికన్నా ఎక్కువనే. అవి పెట్టుకొని 70 పైసల లోన్ ముందు కడ్తా అంటే అది తెలివి కాదు. ముందు అవి, ఆ తర్వాత గోల్డ్ లోన్, హోమ్ లోన్ చివరకు. ఇంకో మాట, మూడు నుంచి ఆరు నెలల ఖర్చు పక్కకు పెట్టకుంట ఉన్నదంత తీస్కపోయి బ్యాంకుల కట్టొద్దు, రేపు దవాఖాన ఖర్చొస్తే మళ్లా ఆ రెండు రూపాయలోని దగ్గరికే పోవాలె.

ఇగ ఇంటి బడ్జెట్. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు ఇవన్నీ అందరు లెక్కేస్తరు. లెక్క తప్పేది ఏడాదికొకసారి వచ్చే వాటి దగ్గర: జూన్ల స్కూల్ ఫీజులు, బోనాలు, దసరా, బండి ఇన్సూరెన్స్, చుట్టాల పెండ్లిళ్లు, ఒడిబియ్యం. వీటిని మొత్తం కూడి 12తో భాగించి ఆ పైసలు నెలనెలా వేరే అకౌంట్ల వేయండి. అట్ల వేసినంక మిగిలిందే నిజంగ మిగిలింది. అది రెండు వేలైనా సరే, జీతం పడ్డ తెల్లారే లోన్ అకౌంట్‌కు పోయేటట్టు ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టండి, నెలాఖరు దాక ఆగితే ఉండయి, నేను గ్యారెంటీ ఇస్త.

పై లోన్‌కు నెలకు 2,000 ఎక్కువ కడితే 20 ఏండ్లది 16 ఏండ్ల 3 నెలలకు అయిపోతది, మిత్తి దాదాపు 5.9 లక్షలు మిగుల్తది. 5,000 ఎక్కువ కడితే 13 ఏండ్లలోపే తీరుతది, దాదాపు 10.9 లక్షలు మిగులు.

జీతం కాకుంట వ్యవసాయం మీద ఉన్నోళ్లకు నెలనెలా కుదరదు, నిజమే. వానాకాలం వడ్లు అమ్మినంక ఒకసారి, యాసంగి పైసలు పడ్డంక ఒకసారి, బత్తాయి తోట ఉంటే కాపు అమ్మినప్పుడు, ఇట్ల ముద్దగ కట్టొచ్చు. ఎంత తొందరగ కడితే అంత లాభం: ఇదే లోన్‌ల మొదటి ఏడాది చివర లక్ష కడితే 21 నెలలు తగ్గి దాదాపు 3.6 లక్షల మిత్తి మిగుల్తది, అదే లక్ష 15 ఏండ్లు అయినంక కడితే మిగిలేది 50 వేలు.

కట్టేటప్పుడు ఒక్క మాట గట్టిగ చెప్పాలె. ఇది పార్ట్ పేమెంట్, అసలుకు పట్టుకోండి, ఈఎంఐ అట్లనే ఉంచి నెలలు తగ్గించండి అని. ఉత్తగ పైసలు వేస్తే కొన్నిచోట్ల అడ్వాన్స్ ఈఎంఐ అని పక్కకు పెడ్తరు, అప్పుడు మిత్తి ఏం తగ్గది. నోటితోని చెప్పుడు కాదు, మెయిల్ పెట్టండి లేకపోతే రాసిచ్చి స్టాంపు వేయించుకోండి, తర్వాతి నెల స్టేట్‌మెంట్‌ల అసలు తగ్గిందా చూడండి. సొంత పేరు మీద తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (ఎప్పటికప్పుడు మారే రేటు) హోమ్ లోన్‌కు ముందు కట్టినందుకు పెనాల్టీ వేయొద్దని ఆర్బీఐ రూల్ ఉంది, ఎవరన్న అడిగితే ఆ మాటే చెప్పండి. ఫిక్స్‌డ్ రేటు (మారని రేటు) అయితే అగ్రిమెంట్ చూసుకోవాలె. చేతిల పైసలు అటుఇటు తిరిగే వ్యాపారం ఉన్నోళ్లకు ఓవర్‌డ్రాఫ్ట్ టైపు లోన్ బాగుంటది, ఎస్‌బీఐల మ్యాక్స్‌గెయిన్ అట్లాంటిదే, పైసలు అండ్ల వేసినన్ని రోజులు మిత్తి తగ్గుతది, అవసరమైతే మళ్లా తీసుకోవచ్చు.

ట్యాక్స్ కోసం లోన్ ఉంచుకోవాలె అంటరు కొందరు. పాత ట్యాక్స్ పద్ధతిల సొంతంగ ఉండే ఇంటికి ఏడాదికి 2 లక్షల మిత్తి దాకనే మినహాయింపు, కొత్త పద్ధతిల అదీ లేదు. 30 శాతం స్లాబుల ఉన్నా రూపాయి మిత్తి కడితే 30 పైసలు వెనక్కొస్తయ్, 70 పైసలు పోయినట్టే కదా.

లోన్ మొత్తం తీరినంక ఎన్‌ఓసీ (ఇగ బాకీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం) తీసుకొని ఊకోవద్దు. ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్ల ఇయ్యాలె, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున మీకే కట్టాలె, ఇది 2023 డిసెంబర్ నుంచి ఉన్న రూల్. లోన్ ఇచ్చేటప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల మార్ట్‌గేజ్ (తాకట్టు) రిజిస్టర్ చేసి ఉంటే దాన్ని రద్దు చేయించి, కొత్త ఈసీ (ఆస్తి మీద తాకట్టు ఏమన్న ఉందా చూపే కాగితం) తీసి బ్యాంకు పేరు పోయిందా లేదా చూసుకోండి. సిబిల్‌ల (మన అప్పుల రికార్డుల) కూడా లోన్ క్లోజ్డ్ అని రావాలె, నెల రెండు నెలలైనా రాకపోతే బ్యాంకుకు మెయిల్ పెట్టండి.