మూడో పాఠం: ముఖం చుట్టూ ఎంత చోటు వదలాలి?

కిందటి పాఠంలో ఓపెన్‌సీవీ (పైథాన్‌లో ఫోటోలతో పనిచేయడానికి వాడే లైబ్రరీ) ఫోటోలోని ముఖాన్ని పట్టుకుని మనకు నాలుగు అంకెలు ఇచ్చింది: ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు. ఆ పెట్టె వరకే కత్తిరించి చూశారా? జుట్టు ఎగిరిపోతుంది, మెడ ఉండదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ముఖాన్ని వెతకడానికి అది వాడే హార్ కాస్కేడ్ అనే పద్ధతి చూసేది కళ్లు, ముక్కు, నోటి దగ్గరి వెలుగునీడల తేడాలనే. జుట్టుతో దానికి పని లేదు. కాబట్టి ఆ పెట్టెను ఒక గుర్తుగా మాత్రమే తీసుకుని, అసలు ఫ్రేమ్ మనమే కట్టుకోవాలి.

ఫోటో వెడల్పు 3000, ఎత్తు 4000 పిక్సెల్స్ అనుకుందాం. ముఖం పెట్టె ఎడమ 1100, పైన 300, వెడల్పూ ఎత్తూ 800. ఫ్రేమ్ ఎత్తు ముఖానికి రెండింతలు పెడితే 1600. 4:5 నిష్పత్తి కావాలంటే వెడల్పు 1280. ముఖం మధ్య బిందువు అడ్డంగా 1500, నిలువుగా 700. అడ్డంగా అయితే సగం సగం పంచేయండి: 860 నుంచి 2140. నిలువుగా మాత్రం ముఖాన్ని సరిగ్గా మధ్యలో పెడితే మనిషి కిందికి జారినట్టు కనిపిస్తాడు. నేను ముఖం మధ్య బిందువుకు పైన ఫ్రేమ్ ఎత్తులో 45 శాతం వదులుతాను, అంటే 720. ఇప్పుడు పై అంచు 700 లోంచి 720 తీసేస్తే... మైనస్ 20!

ఇక్కడే నాకు ఒక సాయంత్రం పోయింది. పైథాన్‌లో మైనస్ 20 అంటే ఫోటో బయట అని కాదు, చివరి నుంచి 20వ వరుస అని. అంటే 3980 నుంచి 1580 వరకు కత్తిరించమన్నట్టు. చేతికొచ్చేది ఖాళీ బొమ్మ. కత్తిరించేటప్పుడు ఎర్రర్ కూడా రాదు, సేవ్ చేయబోతే అప్పుడు గొడవ మొదలవుతుంది. అంచును సున్నా చేసి వదిలేస్తే నిష్పత్తి చెడుతుంది. ఫ్రేమ్ మొత్తాన్ని 20 పిక్సెల్స్ కిందికి జరపండి: 0 నుంచి 1600. మిగతా మూడు వైపులా ఇదే తనిఖీ పెట్టండి. ఫ్రేమ్ ఫోటో కంటే పెద్దదైతే మాత్రం జరిపి లాభం లేదు, కుదించాల్సిందే.

ఒక్కోసారి చొక్కా మీది గళ్లు కూడా హార్ కాస్కేడ్‌కు ముఖంలా కనిపిస్తాయి. ఒకే చోట ఎన్ని పెట్టెలు పడితే ముఖమని నమ్మాలో చెప్పే మిన్‌నైబర్స్ (minNeighbors) విలువ మామూలుగా 3 ఉంటుంది, 6కి పెంచి చూడండి. అప్పటికీ రెండు మూడు పెట్టెలు వస్తే పెద్దది తీసుకోండి. ఒక్కటీ రాని ఫోటోలను వేరే ఫోల్డర్‌లోకి తోసేయండి, పారేయొద్దు. వాటిలో చాలావరకు తల వంచినవో పక్కకు తిరిగినవో ఉంటాయి. వచ్చే పాఠంలో యూనెట్ (YuNet) అనే మరో ముఖాలు వెతికే మోడల్‌తో వాటి సంగతి చూద్దాం. అది కళ్లు ఎక్కడున్నాయో కూడా చెబుతుంది.